ముప్పైకి ఒకటి

రాయచోటివాళ్లు రైలెక్కాలంటే ముందు బస్సెక్కాలి. ఉత్తరాన కడప, తూర్పున రాజంపేట, దక్షిణాన పీలేరు, మూడు వైపులా పట్టాలున్నాయి. నడిమధ్యలో మన ఊరుంది. ఇందుకు రాజకీయ కారణాలు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. వాటికంటే పాత కారణం మాత్రం నేలలోనే ఉంది. 1860లలో మద్రాసు రైల్వే కంపెనీ వేసిన లైను రేణిగుంట, కోడూరు, రాజంపేట, నందలూరు మీదుగా కొండల కిందికిందనే కడప చేరింది. 1890ల మొదట్లో వచ్చిన పాకాల–ధర్మవరం మీటర్‌గేజి లైను పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా మెట్టభూముల పైపైనే సాగిపోయింది. కింది లైను కిందనే ఉండిపోయింది, పై లైను పైనే ఉండిపోయింది. ఈ రెండింటినీ మన ఊరి మీదుగా కలపాలంటే నడుమ పాలకొండలు అడ్డం.

కడప సముద్రమట్టానికి దాదాపు 140 మీటర్ల ఎత్తులో ఉంది. రాయచోటి 350 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే తేడా రెండొందల మీటర్ల పైచిలుకు. గువ్వలచెరువు ఘాట్‌లో లోడు లారీ మొదటి గేరులో మూలుగుతూ ఈ ఎత్తంతా కొద్ది మైళ్లలోనే ఎక్కేస్తుంది. పైకొచ్చాక డ్రైవరు బండి ఆపి, ఇంజను చల్లారేలోగా పాలకోవా కొనుక్కుంటాడు. రైలుకు అది కుదరదు. వంద మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కే వాలు రైలుకు మామూలుగా నప్పుతుంది. ఆ లెక్కన రెండొందల మీటర్లు ఎక్కడానికి ఇరవై కిలోమీటర్లకు తక్కువ కాకుండా ఒకే తీరున ఎక్కుతూ పోయే దారి కావాలి. 2008-09లో మంజూరైన కడప–బెంగళూరు లైను నేరుగా ఘాట్ వైపు రాకుండా ముందు పడమరగా పెండ్లిమర్రికి ఎందుకు పోయిందో, ఈ ఒక్క లెక్క చూస్తే చాలావరకు అర్థమవుతుంది.

ఈ లెక్క ఇంకాస్త దగ్గరగా చూద్దాం. ఈ అధ్యాయమంతా దీని మీదే నడుస్తుంది.

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లేటప్పుడు పోయే శక్తి చాలా తక్కువ. చదునైన చోట ఒక టన్ను బరువును మెల్లగా లాక్కుపోవడానికి నాలుగు కిలోల లాగుడు చాలు. ఒక్క మనిషి భుజం ఆనించి బోగీని కదిలించగలడంటే కారణం ఇదే. అయితే చక్రాన్ని అంత తేలిగ్గా దొర్లనిచ్చే ఆ నునుపే పట్టును తగ్గిస్తుంది. లారీ టైరు తారురోడ్డును కరచుకున్నట్టు ఉక్కు ఉక్కును కరచుకోదు. ఇంజను చక్రాల మీద పడే బరువులో దాదాపు నాలుగో వంతు మాత్రమే లాగుడుగా మారుతుంది. అంతకు మించి ఆవిరి పెట్టినా, కరెంటు పెట్టినా చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అలాంటప్పుడు పట్టా మీద ఇసుక రాల్చుకుంటారు. ఇప్పటి ఇంజన్లలో కూడా చక్రాల ముందు ఇసుక గొట్టాలు కనిపిస్తాయి.

వంద టన్నుల ఇంజను తీసుకోండి. దానికి దక్కే లాగుడు 25 టన్నులు, అంటే 25,000 కిలోలు. చదునులో టన్నుకు నాలుగు కిలోల చొప్పున అది ఆరు వేల టన్నుల పైచిలుకు బండిని లాగుతుంది. వందకు ఒకటి వాలు వచ్చిందనుకోండి, ప్రతి టన్నుకూ అదనంగా పది కిలోలు కావాలి. మొత్తం పద్నాలుగు. అదే ఇంజను ఇప్పుడు 1,800 టన్నుల లోపే లాగగలదు. వాలు ముప్పైకి ఒకటైతే అదనం 33 కిలోలు, మొత్తం 37. అప్పుడు బండి బరువు 675 టన్నులకు దిగిపోతుంది, అందులో వంద టన్నులు ఇంజను సొంత బరువే. కళ్లతో చూస్తే ముప్పైకి ఒకటి వాలే కాదు, దాదాపు చదునే అనిపిస్తుంది. మన చేలగట్ల మీద ఎద్దులబండి అంతకు మించిన ఎత్తు రోజూ ఎక్కి దిగుతుంది. రైలుకు మాత్రం ఆ వాలు పదింట తొమ్మిది వంతుల బలాన్ని మింగేస్తుంది.

1905 నుంచి 1909 దాకా చైనాలో ఒక ఇంజనీరు ఈ ముప్పైకి ఒకటి వాలుతోనే కుస్తీ పట్టాడు. పేరు జాన్ తియెన్‌యో. చైనాలో రైళ్ల చరిత్ర ఎక్కడ చెప్పినా మొదట వినపడేది ఆయన పేరే. ఆయన్ను దేశాభిమానానికి ప్రతీకగా నిలబెట్టిన పుస్తకాలకు కొరత లేదు. నాకు మాత్రం ఆయన లెక్కలు చూసే ఆయన మీద గౌరవం కలిగింది. ఏది సొంతంగా చేయాలో, ఏది ఎరువు తెచ్చుకోవాలో, దేన్ని తర్వాతివాళ్లకు వదిలేయాలో ఆయనంత నిబ్బరంగా తేల్చినవాళ్లు ఆ కాలంలో అరుదు.

ఆయన 1861లో దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పుట్టాడు. తాత ముత్తాతలది తేయాకు వ్యాపారం. నల్లమందు యుద్ధాల తర్వాత అది దెబ్బతింది. 1872లో ప్రభుత్వం పదేళ్లు దాటిన పిల్లల్ని చదువుకు అమెరికా పంపుతామంది. అంతకుముందు యేల్ విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన యుంగ్ వింగ్ అనే ఆయన ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించిన పథకం అది. ఏటా ముప్పై మంది చొప్పున నాలుగేళ్లలో 120 మంది వెళ్లారు. మొదటి జట్టులోనే తియెన్‌యో ఉన్నాడు. అప్పటికి పదకొండేళ్లవాడు. జబ్బు చేసినా, ప్రాణం పోయినా అది తలరాతే అనుకుంటామని తండ్రి సర్కారుకు పత్రం రాసిచ్చాడు. ఆ పత్రం మీద సంతకం పెట్టిన చేతిని తలచుకుంటే ఈ కథలో కొండలకంటే అదే బరువనిపిస్తుంది.

కనెక్టికట్ రాష్ట్రంలో నార్త్రప్ అనే కుటుంబం ఆ పిల్లవాణ్ణి ఇంట్లో పెట్టుకుంది. అతను అక్కడే బడికి వెళ్లి, 1878లో యేల్‌లోని షెఫీల్డ్ సైన్సు విభాగంలో చేరి, సివిల్ ఇంజనీరింగు చదివి 1881లో పట్టా పుచ్చుకున్నాడు. సరిగ్గా ఆ ఏడే ప్రభుత్వం పిల్లలందరినీ వెనక్కి పిలిచేసింది. కొందరు జడలు కత్తిరించుకుంటున్నారని, చర్చికి వెళుతున్నారని ఫిర్యాదులు వెళ్లాయి. అమెరికావాళ్లేమో తమ సైనిక కళాశాలల్లో చైనా పిల్లల్ని చేర్చుకోబోమన్నారు. రెండూ కలిసి పథకాన్ని ముంచాయి. ఆ 120 మందిలో అప్పటికి డిగ్రీ చేతికొచ్చినవాళ్లు ఇద్దరే. వాళ్లలో తియెన్‌యో ఒకడు.

రైలుమార్గాలు చదివొచ్చిన కుర్రవాణ్ణి తీసుకెళ్లి ఫూజౌ నౌకానిర్మాణశాల బడిలో ఓడ నడపడం నేర్చుకోమన్నారు. ఆ తర్వాత అతను పాఠాలు చెప్పాడు, గ్వాంగ్‌డాంగ్ తీరం పటం గీశాడు. అలా ఏడేళ్లు పోయాయి. వృథా అంటే వృథానే. చదువుకున్నవాడికి చదువుకున్న పని ఇవ్వని ఏలుబడులు మనకూ కొత్త కాదు. పూర్వీకుల ఊరు గిద్దలూరు దగ్గరి మోక్షగుండం అయిన విశ్వేశ్వరయ్య ఇంచుమించు ఇదే వయసువాడు. పూనాలో చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరాడు. ఆయనకు తన పని తనకు దక్కింది గానీ, ఆ శాఖలో అన్నిటికంటే పై కుర్చీలు తెల్లవాళ్లవే. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదు ఆయన్ను పిలిపించుకుంది. ఇటు ఈయన, అటు ఆయన, ఇద్దరూ నడివయసు వచ్చాకే పెద్ద పనులు తమ పేరు మీద చేయగలిగారు.

1888లో అమెరికాలో కలిసి చదివిన ఒక స్నేహితుడు తియెన్‌యోను తియెన్‌జిన్‌లోని రైల్వే కంపెనీకి తీసుకొచ్చాడు. అక్కడ చీఫ్ ఇంజనీరు క్లాడ్ కిండర్ అనే ఇంగ్లీషాయన. ఆయన కింద పట్టాలు వేయించే పనితో మొదలైంది. తియెన్‌యో సత్తా బయటపడింది లువాన్ నది మీద.

ఆ నదిలో అడుగున ఒండ్రు, పైన వరద. వంతెన కాళ్లు నిలబెట్టబోయిన విదేశీ ఇంజనీర్ల పునాదులు నిలవలేదు. పని తియెన్‌యో చేతికొచ్చింది. ఆయన ముందు చేసిన పని నది అడుగును మళ్లీ పరీక్ష చేయించడం. కాళ్లు దిగే చోటు మార్చాడు. ఆ తర్వాత గాలిపెట్టెల పద్ధతి ఎంచుకున్నాడు. బోర్లించిన చెంబును నీళ్లలోకి నొక్కితే లోపల గాలి నిలిచి నీరు పైకి రాదు కదా, అదే సూత్రం. అడుగు లేని పెద్ద పెట్టెను నదిలోకి దించుతారు. పైనుంచి గాలిని పంపు చేస్తూ నీటిని బయటికి తోసేస్తారు. ఆ పొడి గదిలో కూలీలు నిలబడి ఒండ్రు తవ్వి పైకి పంపుతుంటే పెట్టె తన బరువుకు తానే దిగుతూ పోతుంది. గట్టి నేల తగిలాక గదిని కాంక్రీటుతో నింపేస్తారు. కాలు అక్కడ పాతుకుంటుంది.

పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, అమెరికాలో బ్రూక్లిన్ వంతెనకు అప్పటికే వాడారు. ప్రమాదమూ అప్పటికే తెలిసిందే. ఒత్తిడి గాలిలో గంటలకొద్దీ పనిచేసిన మనిషి రక్తంలో నైట్రోజను కరిగిపోతుంది. ఒక్కసారిగా పైకి వస్తే అది బుడగలు కట్టి కీళ్లను, నరాలను పట్టేస్తుంది. బ్రూక్లిన్ వంతెన చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగే ఆ జబ్బుతో మంచం పట్టాడు. లువాన్ వంతెన 1894 నాటికి పూర్తయింది. ఆ ఏడే లండన్‌లోని సివిల్ ఇంజనీర్ల సంస్థ తియెన్‌యోను సభ్యుడిగా చేర్చుకుంది. మన రాజమండ్రిలో గోదావరి పాత రైలు వంతెన పని మొదలైంది ఆ తర్వాత మూడేళ్లకు, 1897లో. 1900లో అది తెరుచుకుంది. 56 స్పాన్లకు నది ఇసుకలోకి బావులు దింపారు. ఒకే దశాబ్దంలో రెండు దేశాల కూలీలు రెండు నదుల అడుగుల్లోకి దిగారు. వాళ్ల పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు.

ఆ తర్వాత 1902-03 చలికాలంలో మహారాణి త్సిషీ పూర్వరాజుల సమాధుల దర్శనానికి వెళ్లడానికి నలభై కిలోమీటర్ల పైచిలుకు లైను నాలుగు నెలల్లో వేయమన్నారు. వేసి చూపించాడు. దేశానికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. సర్కారుకు మాత్రం నమ్మకం కుదిరింది.

బీజింగ్‌కు వాయవ్యాన, మంగోలియా దారిలో జాంగ్‌జియాకౌ ఉంది. యూరపువాళ్లు దాన్ని కల్గన్ అనేవారు. తేయాకు అటు, ఉన్ని, తోళ్లు ఇటు, ఒంటెల మీద నడిచే వ్యాపారం. అక్కడికి రైలు వేయాలనగానే బ్రిటన్, రష్యా రెండూ చేతులు చాచాయి. లైనుకు కావలసిన డబ్బు బ్రిటిష్ అప్పుతో వేసిన పాత లైను లాభాల్లోంచి రావాలి, కాబట్టి ఇంజనీరు తమవాడే కావాలంది బ్రిటన్. మహాకుడ్యానికి ఉత్తరాన బ్రిటన్ రైళ్లు వేయకూడదని 1899లోనే ఒప్పందమైందని రష్యా పట్టుబట్టింది. చివరికి ఎవరి మనిషీ వద్దు, చైనావాళ్లే కట్టుకోవాలన్న దగ్గర రాజీ కుదిరింది. వాళ్ల వల్ల కాదులే అన్న ధీమా ఆ రాజీ అడుగున ఉంది. 1905లో 44 ఏళ్ల తియెన్‌యో చీఫ్ ఇంజనీరయ్యాడు.

లైను పొడవు సుమారు 200 కిలోమీటర్లు. అందులో కష్టమంతా నాన్‌కౌ నుంచి బాదాలింగ్ దాకా, గ్వాన్‌గౌ అనే ఇరుకు లోయలో ఉంది. ఇరవై కిలోమీటర్ల చిల్లరలో దాదాపు ఐదొందల మీటర్లు ఎక్కాలి. గాడిద మీద, కాలినడకన, ఇద్దరు శిష్యుల్ని వెంటబెట్టుకుని తియెన్‌యో మూడు దారులు కొలిచాడు. యోంగ్‌డింగ్ నది పక్కనుంచి పోయే దారిలో వాలు సుఖంగా ఉంది. కానీ సొరంగాలు లెక్కలేనన్ని, చేతిలో డబ్బు లేదు, పైనుంచి తొందర. అందుకని గ్వాన్‌గౌను ఎంచుకున్నాడు. అది మంచి దారని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. ఉన్న డబ్బుతో, ఉన్న గడువులో పూర్తయ్యే దారి అది.

ఆ లోయలో వాలును ముప్పైకి ఒకటి దాకా పెంచినా చాలలేదు. ఘాట్ రోడ్డయితే ఇక్కడ హెయిర్‌పిన్ మలుపులు తిప్పుతారు. రైలుకు మలుపు అంత బిగుతుగా తిప్పలేం. ఒకే ఇరుసుకు రెండు చక్రాలూ బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరగాలి. మలుపు వ్యాసార్ధం వంద మీటర్లకు బాగా పైన ఉంటే తప్ప చక్రం పట్టాను ఒరుసుకుని పైకెక్కి పడిపోతుంది. అంత వెడల్పు మలుపుకు ఆ లోయలో చోటు లేదు. చింగ్‌లోంగ్‌చియావ్ అనే చోట తియెన్‌యో మలుపు అనే ఆలోచననే పక్కన పెట్టాడు. రైలు కొండవాలు వెంబడి ఎక్కుతూ వచ్చి స్టేషను దాటి, ముందుకు దారిలేని పట్టా మీదికి పోయి ఆగుతుంది. అక్కడ కాంటా మారుస్తారు. రైలు వెనక్కి నడవడం మొదలుపెడుతుంది. ఇందాక వచ్చిన పట్టా మీదికి కాక, దాని పక్కనే పైకి ఎక్కిపోయే రెండో పట్టా మీదికి వెళుతుంది. తోక ముందై, ముందున్నది తోకై, అదే కొండ మీద ఇంకో అంతస్తు ఎక్కేస్తుంది.

దీనివల్ల ఇంకో లాభముంది. కొండ అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. ఎంత ఎత్తున గుచ్చితే సొరంగం అంత పొట్టి. నేరుగా పోయి ఉంటే 1,800 మీటర్లు తొలవాల్సిన బాదాలింగ్ సొరంగం ఈ ఏర్పాటుతో 1,091 మీటర్లకు తగ్గింది. ఆ మిగిలిన దాన్ని కూడా రెండు చివర్ల నుంచే తవ్వుతూ కూర్చోలేదు. కొండ నడినెత్తి నుంచి నిట్టనిలువుగా బావి దింపి, దాని అడుగు నుంచి అటూ ఇటూ తవ్వించారు. రెండు మూతుల చోట నాలుగు మూతుల్లో పని సాగింది. పొగ, దుమ్ము పోవడానికి ఆ బావే గాలిదారి అయింది. చీకట్లో వేరువేరు చోట్ల మొదలైన తవ్వకాలు ఒకే గీత మీద కలవాలంటే పైన నేల మీద కొలత తప్పకూడదు. అవి చక్కగా కలిశాయి.

రైలును వెనక్కి నడిపించి కొండెక్కించే ఉపాయం కూడా ఆయన సొంతం కాదు. బొంబాయి, పూనాల మధ్య భోర్ ఘాట్‌లో 1863 నుంచే అలాంటి రివర్సింగు స్టేషను ఉంది. అక్కడి వాలు 37కు ఒకటి. కడపలో బొంబాయి మెయిలు ఎక్కిన మన పెద్దలు రాయచూరు, షోలాపూరు, పూనా దాటి ఖండాలా దగ్గరికొచ్చాక, రైలు ఆగి, వెనక్కి తిరిగి కొండ దిగడం చూసే ఉంటారు. 1929లో కొత్త దారి వచ్చేదాకా అదే పద్ధతి. భోర్ ఘాట్ పనిలో ఒక దశలో నలభై వేల మందికి పైగా కూలీలున్నారు. కలరా, విషజ్వరాలు, కొండచరియలు వేలమందిని పొట్టన పెట్టుకున్నాయి. కాంట్రాక్టరు సాలొమన్ ట్రెడ్వెల్ వచ్చిన కొద్ది రోజులకే చనిపోతే, ఆయన భార్య ఆలిస్ మిగిలిన పనిని దగ్గరుండి పూర్తిచేయించింది. నల్లమలలో నంద్యాల, కంభం మధ్య 1880లలో లైను వేసినప్పుడు దొరబావి దగ్గర ఇంకో మార్గం పట్టారు. లోయ మీద ఎత్తైన ఇనుప వంతెన లేపారు. కొండ దాటడానికి మార్గాలు ఇలా నాలుగైదే. చుట్టూ తిరగడం, తొలవడం, వంతెన కట్టడం, వెనక్కి నడిచి ఎక్కడం. ఎక్కడ ఏది నప్పుతుందో తేల్చడంలోనే ఇంజనీరు తెలివి బయటపడుతుంది.

ముప్పైకి ఒకటి వాలు మీద బండికి ముందో ఇంజను, వెనకో ఇంజను పెట్టారు. ముందుది లాగుతుంది, వెనకది తోస్తుంది. దానితో పట్టు రెండింతలైంది. చింగ్‌లోంగ్‌చియావ్‌లో దిశ మారినప్పుడు ఇంజను విప్పి అటు తెచ్చి బిగించే పనీ తప్పింది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి రెండు జతల చక్రాల చట్రాలున్న పెద్ద మాలె ఇంజన్లు తెప్పించారు. బరువెక్కువ, చక్రాలెక్కువ, కనుక పట్టెక్కువ. చట్రం నడుమ కీలు ఉండడం వల్ల మలుపుల్లో వంగగలవు. దిగే బండి అదుపు తప్పితే దాన్ని పక్కకు మళ్లించి ఎదురెత్తు ఎక్కించి ఆపేందుకు అక్కడక్కడా రక్షణ పట్టాలు వేశారు. కొండ ఎక్కడం కంటే దిగడమే ప్రమాదమని ఘాట్‌లో బండి నడిపే డ్రైవర్లెవరైనా చెబుతారు.

బోగీలను కలిపే కొక్కెం సంగతి విడిగా చెప్పాలి. మన పాత నీలిరంగు బోగీలు కలిపేటప్పుడు ఎప్పుడైనా చూశారా? పాయింట్స్‌మన్ రెండు బోగీల సందులోకి వంగి దూరి, బరువైన సంకెల ఎత్తి కొక్కేనికి తగిలించి, మరను చేత్తో తిప్పి తిప్పి బిగిస్తాడు. ఆ సమయంలో ఇంజను ఒక్క అడుగు కదిలితే ఆయన ప్రాణం పోయినట్టే. అమెరికాలో ఎలై జానీ అనే ఆయన 1873లో దీనికి విరుగుడు కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. మడిచిన వేళ్లలాంటి రెండు ఉక్కు పిడికిళ్లు ఢీకొన్న వెంటనే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. మనిషి సందులోకి దూరనక్కర్లేదు. ఏటవాలు మీద సంకెలలా తెగిపోదు. తియెన్‌యో కల్గన్ లైనుకు దాన్నే పెట్టించాడు. ఆ తర్వాత చైనాలో అది ఆయనే కనిపెట్టాడన్న కథ పుట్టి, పిల్లల పుస్తకాల దాకా పాకింది. 1915లో ఆయనే కూర్చిన ఇంజనీరింగు నిఘంటువులో అది జానీది అని స్పష్టంగా ఉంది. లేని ఘనత అంటగట్టడం ఆ మనిషికి గౌరవం కాదు. మంచి వస్తువు ఎక్కడుందో వెతికి, తన కూలీల ప్రాణాల కోసం దాన్ని తెచ్చి పెట్టినందుకే ఆయన్ను మెచ్చుకోవాలి.

1909 అక్టోబరు 2న నాన్‌కౌలో లైను ప్రారంభమైంది. అనుకున్న గడువుకు రెండేళ్ల ముందే, అంచనాకంటే తక్కువ ఖర్చుతో పూర్తయింది. ఎన్నో చోట్ల పెద్ద పని దగ్గర డబ్బు ఎలా ఇంకిపోతుందో తెలిసినవాళ్లకు ఆ మిగులు సొరంగంకంటే పెద్ద వింతగా కనబడుతుంది. అంతకంటే ముఖ్యమైన మిగులు ఇంకొకటి ఉంది. ఆ నాలుగేళ్లలో కొలతబద్ద పట్టుకుని ఆయన వెంట కొండలెక్కిన కుర్రవాళ్లే తర్వాత దేశం నలుమూలలా లైన్లకు ఇంజనీర్లయ్యారు. వాళ్లకు తరగతులు, జీతాలు, పరీక్షలు అన్నీ ఆయన పద్ధతిగా ఏర్పరచాడు.

తర్వాతి పదేళ్లు అంత నేరుగా సాగలేదు. యాంగ్‌ట్సీ నది ఒడ్డున యీచాంగ్ నుంచి సిచువాన్ వైపు లైనుకు చీఫ్ ఇంజనీరుగా వెళ్లాడు. 1909 చివర్లో పని మొదలైంది. 1911లో రైళ్లను కేంద్రం లాక్కుని విదేశీ అప్పులకు తాకట్టు పెట్టబోతోందని సిచువాన్ జనం తిరగబడ్డారు. ఆ మంట రాజరికాన్నే కూల్చింది. లైను ఆగింది. ఆ కొండల్లో యీచాంగ్ నుంచి వాన్‌జౌకు రైలు నడిచింది 2010 డిసెంబరులో. నూరేళ్లు పట్టింది.

కొండల్లో పని ఆగితే ఆయన కాగితాల మీద పని పట్టుకున్నాడు. చైనా ఇంజనీర్ల సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఒక్కో దేశం అప్పుతో వేసిన ఒక్కో లైనులో ఒక్కో కొలత, ఒక్కో రకం సామాను ఉండడం చూసి, అన్నిటికీ ఒకే ప్రమాణం ఉండాలని పోరాడాడు. 1917లో రైల్వే సాంకేతిక ప్రమాణాల సంఘానికి పెద్దగా ఉన్నాడు. ఈ పని గురించి ఎవరూ కథలు చెప్పరు. దాని విలువ రాయలసీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు కడప లైను బ్రాడ్‌గేజి, ధర్మవరం–పాకాల మీటర్‌గేజి, గుంతకల్లు–నంద్యాల మీటర్‌గేజి. బస్తా ఒక బండిలోంచి దిగి ఇంకో బండిలోకి ఎక్కాల్సి వచ్చేది. పాకాల లైను బ్రాడ్‌గేజిగా మారేసరికి 2010 వచ్చింది. గేజి తేడా వల్ల జంక్షన్లలో హమాలీలు మోసిన బరువుకు లెక్కే లేదు.

1919 మొదట్లో సైబీరియా రైళ్ల నిర్వహణపై మిత్రదేశాలు ఏర్పాటు చేసిన సాంకేతిక సంఘంలో చైనా తరఫున కూర్చోవడానికి గడ్డకట్టే చలిలో వ్లాదివోస్తోక్, హార్బిన్ వెళ్లాడు. జబ్బు ముదిరి తిరిగొచ్చి, ఏప్రిల్ 24న హాంకౌలో కన్నుమూశాడు. 58 ఏళ్లు నిండడానికి ఇంకా రెండు రోజులుంది. ఇంజనీర్ల సంఘం 1922లో చింగ్‌లోంగ్‌చియావ్ స్టేషన్లో ఆయన విగ్రహం పెట్టింది. 1982లో సమాధినీ అక్కడికే మార్చారు.

ఆయన పక్కన పెట్టిన యోంగ్‌డింగ్ నది దారి ఏమైందో కూడా చూడాలి. 1955లో, ఆయన కొలిచిన యాభై ఏళ్లకు, దాని వెంబడి లైను పూర్తయింది. అరవైకి పైగా సొరంగాలు పట్టాయి. 1905లో అంత డబ్బు ఎక్కడినుంచీ వచ్చేది కాదు, ఆయన లెక్క తప్పలేదు. వాలు తగ్గింది కనుక బరువైన బొగ్గు బండ్లు అటు మళ్లాయి. 2019 డిసెంబరు 30న బీజింగ్ నుంచి జాంగ్‌జియాకౌకు గంటకు 350 కిలోమీటర్ల వేగంతో నడిచే కొత్త లైను తెరుచుకుంది. అది పాత స్టేషను కిందినుంచి పన్నెండు కిలోమీటర్ల సొరంగంలో కొండ దాటుతుంది. అంత తొలిచాక కూడా అక్కడి వాలు వెయ్యికి ముప్పై దాకా పోతుంది, అంటే ముప్పై మూడుకు ఒకటి. కొండ ఎత్తు మారలేదు కనుక వాలూ పెద్దగా మారలేదు. మారినది ఇంజను. బరువంతా ముందు ఇంజనులో పెట్టి లాగించే బదులు, బోగీల కింది చక్రాలకే మోటార్లు పెట్టారు. బండి బరువులో పెద్ద భాగం మోటార్లున్న చక్రాల మీదే పడుతుంది కనుక ఆ బరువే పట్టుగా మారుతుంది. మన వందే భారత్‌లోనూ సగం బోగీల చక్రాలకు మోటార్లున్నాయి.

మనుషుల్ని మోసే బండికి ఈ ఉపాయం చాలు. సిమెంటు, బొగ్గు, ముగ్గురాయి మోసే వ్యాగన్లకు మోటార్లు పెట్టలేం. అవి ఇప్పటికీ ఒకటో రెండో ఇంజన్ల వెనక వరసకట్టి రావాల్సిందే. ముప్పైకి ఒకటి వాలులో టన్నుకు 37 కిలోలు అన్న లెక్క వాటికి 1905లో ఎలా వర్తించిందో ఇవాళా అలాగే వర్తిస్తుంది. అందుకే కొండప్రాంతంలో కొత్త లైను గీత గీసేముందు సర్వే ఇంజనీర్లు మొదట తేల్చుకునేది ఆ పట్టాల మీద నడిచేది సరుకా, మనుషులా, ఏది ఎంత అన్నదే. వాలు ఎంత ఉండాలన్నది దాని తర్వాత వస్తుంది. సొరంగాలెన్ని, ఖర్చెంత, ఏ ఊరు లైను మీద పడుతుంది, ఏ ఊరు పక్కకు పోతుంది అన్నవి ఆ వాలు నుంచి వస్తాయి.